సజీవయాగానికి ఏ రాగం?

బైబిలులో కీర్తనల గ్రంథం తెరిస్తే కొన్ని కీర్తనల పైన ప్రధాన గాయకునికి సూచనలు కనిపిస్తాయి. ఏ వాద్యంతో పాడాలో, ఏ రాగం మీద పాడాలో అక్కడ రాసి ఉంటుంది. ఆశ్చర్యమేమిటంటే, ఆ మాటలన్నింటినీ దేవుడు వేల ఏళ్లుగా భద్రపరిచాడు గాని, ఆ రాగాల్లో దేన్నీ మనకు మిగల్చలేదు. వేదాంత కళాశాలలో నేను ఈ సంగతి చదువుకున్నాను. సంఘ కాపరినయ్యాక మరిచిపోయాను.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో కీబోర్డు వాయించే కుర్రవాడొకడు ఆరాధనకు ముందు సెల్‌ఫోన్‌లో ఒక పాట వింటున్నాడు. గిటార్లు గర్జిస్తున్నాయి, గాయకుడు గొంతు చించుకొని అరుస్తున్నాడు. ‘ఇది సాతాను సంగీతం, మందిరంలోకి తేవద్దు’ అని పెద్దలందరి ఎదుట గద్దించాను. మరుసటి ఆదివారం నుంచి అతడు రాలేదు. ఈ మధ్య కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వచ్చే పంటు మీద ఎదురుపడ్డాడు. కుశల ప్రశ్నలయ్యాక, ‘ఆ రోజు పాడుతున్నదెవరో కూడా మీరు అడగలేదండీ అయ్యగారూ’ అన్నాడు. అప్పుడడిగాను. ‘లివింగ్ సాక్రిఫైస్’ అన్నాడు. అంటే ‘సజీవయాగం’. రోమా పత్రిక 12:1లోని మాట. నేను ఎన్నోసార్లు ప్రసంగించిన వచనం!

ఇంటికొచ్చాక ఆ బృందం గురించి చదివాను, విన్నాను. 1989లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో మొదలైన క్రైస్తవ బృందమది. 1991 నాటి తొలి ఆల్బమ్‌లో శరవేగంగా సాగే థ్రాష్ మెటల్ వాయించారు. తర్వాతి రెండు ఆల్బమ్‌లలో స్వరం మరింత బరువెక్కింది. అంతలో గాయకుడు వెళ్లిపోయాడు. బృందం అక్కడితో ఆగిపోలేదు. గిటార్ వాయించే బ్రూస్ ఫిట్జ్‌హ్యూ పాడే బాధ్యత కూడా తీసుకోగా, 1997లో ‘రీబార్న్’ ఆల్బమ్ వచ్చింది. పేరుకు తగినట్టే అది వారికి కొత్తజన్మ. మెటల్ బరువూ హార్డ్‌కోర్ ఆవేశమూ కలిసిన ఆ శైలినే మెటల్‌కోర్ అంటారు. 2000 నాటి ఆల్బమ్‌లో డ్రమ్ములకు తోడు వేరే తాళవాద్యాలూ చేరాయి. 2003లో విడిపోయి, 2008లో మళ్లీ కలిసి, 2010లోనూ 2013లోనూ ఆల్బమ్‌లు తెచ్చారు. బాట వేసిన తొలివారిలో ఒకరైనా, ఆ బాటన నడిచిన తర్వాతివారికి దక్కినంత పేరు వీరికి దక్కలేదు.

అదే శైలిలో వీరికంటే ఎంతో పేరు పొందిన ‘యాజ్ ఐ లే డయింగ్’ బృందపు గాయకుడు, భార్యను చంపించజూసిన నేరాన్ని ఒప్పుకొని 2014లో ఆరేళ్ల జైలుశిక్ష పొందాడు. చూశారా, తప్పు గిటార్లదని అందామా? నీతి న్యాయాలు లేనివారి పాటల ధ్వని తనకు అక్కర్లేదని దేవుడు ఆమోసు ద్వారా తేల్చి చెప్పింది స్వరమండలాలతో పాడే భక్తులతోనే (ఆమోసు 5:23,24). హార్మోనియం పెట్టుకొని కీర్తన పాడే మనకూ ఆ తీర్పు వర్తిస్తుంది.

అసలు మన కీర్తనలెక్కడివి? 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ వంటి మిషనరీలు మన గోదావరి డెల్టాలో సువార్త ప్రకటించారు. ఆ కాలంలోనే పురుషోత్తమ చౌధరి (1803-1890) మన నేల మీది రాగతాళాల్లో క్రీస్తును కీర్తించాడు. దేవాలయాల్లో, భజనల్లో వినిపించే రాగాలు మనకెందుకని ఆయన అనుకొని ఉంటే తెలుగు క్రైస్తవుని నోట ఆ పాటలు ఉండేవా? ఇవాళ మనం ‘పాత కీర్తనలు’ అని గౌరవించేవన్నీ ఒకనాటి కొత్త పాటలే. మనం పవిత్రంగా చూసుకునే హార్మోనియం కూడా ఐరోపా నుంచి వచ్చిందే.

ఇక ఆ అరుపు సంగతి. 88వ కీర్తన మొర పెడుతూ మొదలై, చీకటిలోనే ముగుస్తుంది. యేసుప్రభువు సిలువ మీద బిగ్గరగా కేక వేశాడు (మత్తయి 27:46). గుండె పగిలినవాడి కేకను అపవిత్రమనేవాడు సిలువ దగ్గర నిలబడలేడు. అలాగని మా ఆదివారం ఆరాధనలో మెటల్‌కోర్ పెట్టమని నేననను. సంఘంలో జరిగేదంతా అందరి క్షేమాభివృద్ధికే జరగాలి (1 కొరింథీ 14:26). మా అవ్వలు కూడా గొంతు కలపగల పాటే అక్కడ కావాలి. కానీ ఆరాధన పద్ధతి వేరు, ఒక బిడ్డ హృదయం వేరు. మొదటిదాన్ని కాపాడబోయి నేను రెండోదాన్ని గాయపరిచాను.

ఆ రోజు పంటు దిగేముందు అతణ్ని క్షమించమని అడిగాను. ‘అయ్యో, అంత మాటెందుకండీ’ అన్నాడు. ఆదివారం వస్తావా బాబూ అంటే, ‘చూద్దామండి’ అన్నాడు. కీబోర్డు దగ్గరి కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

ప్రియులారా, మీ ఇంట్లోనూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న బిడ్డ ఉండే ఉంటాడు. గద్దించేముందు ఒక్కసారి పక్కన కూర్చొని, ఏం వింటున్నావని అడగండి. దేవుడు కోరిన సజీవయాగం మన శరీరాలే, మన జీవితమే. దానికి ఏ రాగం కట్టాలో ఆయన చెప్పలేదు. మన అహాన్ని ఆ బలిపీఠం మీద పెట్టగలిగితే, ఖాళీ అయిన కుర్చీలు మళ్లీ నిండుతాయని నా నిరీక్షణ.