సొట్టపోయిన సోల

బియ్యం కొలిచే సోల అడుగున సొట్ట పడిందనుకోండి. దానితో తలగొట్టి కొలిచినా సోల నిండినట్టే ఉంటుంది. చూసేవాళ్ళ కంటికి అది నిండు సోలే. తీరా వండి వడ్డించేసరికి చివరి మనిషికి అన్నం చాలదు. ఆ చివరి మనిషి ఎవరో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మన చేతుల్లో ఉన్న సెల్‌ఫోను బ్యాటరీ సంగతీ అచ్చం ఇలాంటిదే. రాత్రంతా చార్జింగు పెట్టి పొద్దున్నే చూస్తే మూలన నూరు శాతం అని కనిపిస్తుంది. హమ్మయ్య అనుకుంటాం. కానీ ఆ నూరు కొన్ననాటి నూరు కాదండీ! ఇవాళ బ్యాటరీలో ఎంత చోటు మిగిలిందో, ఆ చోటు నిండిందని చెప్పే నూరు. కొన్నప్పుడు డబ్బా మీద 5000 మిల్లీ యాంపియర్ అవర్లు అని ఉంటుంది. అది ఆ సోల కొలత. కొన్నేళ్ళు వాడాక అందులో 3500 మాత్రమే పట్టే స్థితి వచ్చినా, అది నిండగానే ఫోను నూరు అనే చూపిస్తుంది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

అంటే బ్యాటరీకి రెండు అంకెలున్నాయన్నమాట. ఇప్పుడెంత నిండింది అన్నది ఒకటి. అసలెంత పడుతోంది అన్నది రెండోది. ఈ రెండోదాన్నే బ్యాటరీ హెల్త్ అంటున్నారు, అంటే ఆరోగ్యం. మొదటి అంకె చిన్నపిల్లలకి కూడా తెలుసు. రెండోది మాత్రం చాలా ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నా తగాదా అంతా ఆ రెండో అంకె గురించే.

ఎందుకంటారా? ఆ అంకె తెలియకపోతే నింద మన మీదికొస్తుంది కనక. సాయంత్రానికల్లా ఫోను ఆరిపోతే ఇంట్లో వినబడే మొదటి మాట ఏమిటి? "ఎప్పుడు చూసినా ఆ ఫోనులోనే ఉంటావు, చార్జింగు నిలవమంటే ఎలా నిలుస్తుంది?" కూరగాయల లెక్క, పిల్లల బడి కబుర్లు, గ్యాసు బుకింగు, అమ్మతో నాలుగు మాటలు, రాత్రి ఓ అరగంట సీరియలు, అన్నీ కలిపి "ఎప్పుడూ ఫోనులోనే" అన్న ఒక్క మాటలోకి వచ్చేస్తాయి. అయ్యా, తీర్పు చెప్పే ముందు ఆ రెండో అంకె చూశారా? సొట్టసోలతో బియ్యం కొలిచిచ్చి, అన్నం చాలకపోతే వండినావిడని తిట్టడం ఏం న్యాయం?

పైగా మన ఇళ్ళలో ఫోను నడిచే దారి ఒకటుంది. కొత్త ఫోను అబ్బాయికి. వాడి పాతది నాన్నగారికి. ఆయన పాతది అమ్మకి. అమ్మ వాడేసింది మామ్మకి. పూర్వం చివరి పంక్తిలో కూర్చునేవాళ్ళకి అడుగంటిన కూర వచ్చినట్టు, అడుగంటిన బ్యాటరీ మన దాకా వస్తుంది. ఇచ్చేటప్పుడు "కొత్తదానిలాగే ఉందమ్మా, గీత కూడా పడలేదు" అంటారు. గీతలు పైన పడతాయి. వయసు లోపల పడుతుంది.

మా పిన్ని సంగతి చెబుతాను వినండి. తణుకులో ఒంటరిగా ఉంటుంది. కొడుకు వచ్చినప్పుడు తన పాత ఫోను ఇచ్చి వెళ్ళాడు. మూడు నెలలకే అది ముప్ఫై శాతం దగ్గర టక్కున ఆరిపోవడం మొదలైంది. బ్యాంకు ఓటీపీ వచ్చే వేళకి లేదు, గ్యాసు కుర్రాడు వచ్చి నంబరు అడిగే వేళకి లేదు. ఓసారి రాజమండ్రి నుంచి వస్తూ రాత్రి బస్సు దారిలో ఆగిపోతే, ఇంటికి ఫోను చేద్దామంటే చేతిలో నల్లటి అద్దం ముక్క మిగిలింది. బజార్లో ఒక దుకాణానికి తీసుకెళితే అతను మూత కూడా విప్పకుండా "బోర్డు పోయిందండీ, ఇది ఇంక పనికిరాదు, కొత్తది తీసుకోండి" అన్నాడు. ఆవిడ పింఛను డబ్బు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. పక్కవాటాలో డిగ్రీ చదివే అమ్మాయి వచ్చి సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే ఆరోగ్యం 68 అని ఉంది. బోర్డూ లేదు, గీర్డూ లేదు. బ్యాటరీ మార్పించారు. కొత్త ఫోను ఖరీదులో అది ఏ మూలకి? ఇప్పుడది రాత్రి పడుకునేదాకా నిక్షేపంలా ఉంటోంది. రెండు నిమిషాల పని! ఆ రెండు నిమిషాలు అమ్మేవాడికి లాభం కాదు కనక అతను చెయ్యలేదు.

ఇందులో వింత ఏముంది, ఏ వస్తువైనా అరుగుతుంది కదా అంటారేమో. నిజమే, అరుగుతుంది. ఈ లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో బజారుకి వచ్చాయి. వాటిని కనిపెట్టడానికి పాటుపడిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2019లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. చార్జి ఎక్కినప్పుడూ దిగినప్పుడూ లోపల లిథియం అటూ ఇటూ ప్రయాణం చేస్తుంది. ఆ రాకపోకల్లో కొంత లిథియం పొరలాగా పేరుకుని మళ్ళీ పనికి రాకుండా పోతుంది. వేడిలో ఇంకా త్వరగా పోతుంది. పొయ్యి పక్కన ఫోను నిలబెట్టి వంట వీడియో చూడటం, దిండు కింద పెట్టి చార్జి చెయ్యడం, నూరు దగ్గరే గంటల తరబడి ఉంచడం, ఇవన్నీ దాని ఆయుష్షు తగ్గించేవే. అరగడం తప్పని నేననడం లేదు. అరిగిందని సొంతదారుకి చెప్పకపోవడం తప్పంటున్నాను.

మన గ్యాసు సిలిండరుని చూడండి. ఖాళీ బరువెంతో దాని మీదే రాసి ఉంటుంది. లోపల 14.2 కిలోల గ్యాసు ఉండాలి. అనుమానమొస్తే తూచి చూపించమని అడిగే హక్కు మనకుంది. మళ్ళీ పరీక్ష ఎప్పుడు చెయ్యాలో ఎ, బి, సి, డి అక్షరాలతో, పక్కన సంవత్సరంతో పైన ముద్ర వేస్తారు. మందు బిళ్ళల పట్టీ మీద గడువు తేదీ ఉంటుంది. పప్పు పొట్లం మీద తూకం ఉంటుంది. ఇరవై వేలు పోసి కొన్న ఫోనుకి మాత్రం లోపల ఎంత మిగిలిందో అడగకూడదా?

ఒకప్పుడు ఫోను వెనక మూత గోటితో తీస్తే వచ్చేసేది. 2007 ఆగస్టులో నోకియా కంపెనీ, మత్సుషిటా అనే సంస్థ తయారుచేసిన బీఎల్-5సీ రకం బ్యాటరీలు కొన్ని వేడెక్కవచ్చు, చూసుకోండి అని ప్రకటించింది. అవి మొత్తం 4 కోట్ల 60 లక్షలు. మూత తీసి, బ్యాటరీ మీది నంబరు ఎవరికి వారు చూసుకునే వీలుండేది. ఇప్పుడు బ్యాటరీని జిగురుతో లోపల బిగించేశారు. వస్తువు మనది, తాళం వాళ్ళది.

దీనివల్ల ఏమవుతుందో 2017 డిసెంబరులో లోకమంతా చూసింది. బ్యాటరీ పాతబడ్డ ఐఫోనుల వేగాన్ని తామే తగ్గిస్తున్నామని ఆపిల్ కంపెనీ ఒప్పుకుంది. అలా చెయ్యకపోతే ఫోను హఠాత్తుగా ఆరిపోతుందని దాని సంజాయిషీ. సరే, కారణం ఉందనే అనుకుందాం. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా? ఫోను ముసలిదైందనుకుని కొత్తవి కొనేసినవాళ్ళు ఎందరో! గొడవ ముదిరాక కంపెనీ క్షమాపణ చెప్పింది. అమెరికాలో 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకి దించింది. 2018లో ఆరోగ్యం అంకెని ఫోనులోనే చూపించడం మొదలుపెట్టింది. 2020లో ఫ్రాన్సులో రెండున్నర కోట్ల యూరోల జరిమానా కూడా కట్టింది. గమనించారా? అంకె ఊరికే రాలేదు. నలుగురూ గట్టిగా అడిగితే వచ్చింది.

కాబట్టి ముందు మీ ఫోనుని అడగండి. ఐఫోను అయితే సెట్టింగుల్లో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్ నొక్కితే శాతం కనిపిస్తుంది. సామ్‌సంగ్ అయితే సామ్‌సంగ్ మెంబర్స్ అన్న యాప్‌లో ఫోనుని పరీక్షించే చోట బ్యాటరీ స్థితి ఉంటుంది. చాలా మోడళ్ళలో బాగుందనో బాగాలేదనో మాట చెబుతుంది గానీ అంకె చెప్పదు. మిగతా కంపెనీల్లో కూడా కొన్ని కొత్త మోడళ్ళు సెట్టింగుల్లో చూపిస్తున్నాయి. ఏదీ లేకపోతే అక్యుబ్యాటరీ లాంటి యాప్ వేసుకుని కొన్నాళ్ళు చార్జి చేస్తే, ఎంత పడుతోందో అది లెక్కకట్టి చెబుతుంది. ఎనభైకి పైన ఉంటే నిశ్చింతగా వాడుకోండి. అంతకి దిగితే మార్చే ఆలోచన చెయ్యండి. ఒకటి మాత్రం మరిచిపోవద్దు. ఫోను వీపు ఉబ్బినట్టు కనిపిస్తే అంకెలు చూస్తూ కూర్చోకండి. చార్జింగు ఆపేసి, నొక్కకుండా, పొడవకుండా తెలిసిన మెకానిక్కుకి అప్పగించండి.

"ఆ యాప్‌ల లెక్కలు సరిగ్గా ఉండవు" అని మా మరిదిగారు కొట్టిపారేస్తారు. ఆయన మాటలో సగం నిజముంది. అవి అంచనాలే. ఒక్క రోజు చూసి నమ్మకూడదు. కానీ నాడి పట్టుకుని జ్వరముందన్న వైద్యుడు డిగ్రీల్లో చెప్పలేదని జ్వరమే లేదనుకుంటామా? సరైన లెక్క కంపెనీ దగ్గరుంది. దాన్ని వాళ్ళు బయటపెడితే అంచనాలతో మనకేం పని?

"ఇంత తెలుసుకుని ఆడవాళ్ళు ఏం చేస్తారు?" అనేవాళ్ళూ ఉన్నారు. ఏం చేస్తారా? పెరుగు తోడుకున్నదీ లేనిదీ గిన్నె వంచి చెప్పగలవాళ్ళం, పాలవాడి నీళ్ళు కనిపెట్టగలవాళ్ళం, ఒక శాతం అర్థం చేసుకోలేమా?

ఐరోపా దేశాల్లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. అక్కడ అమ్మే కొత్త మోడలు ఫోను బ్యాటరీ 800 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యాక కూడా ఎనభై శాతం పట్టేలా ఉండాలి. తయారైన తేదీ, ఎన్నిసార్లు చార్జి అయిందీ, ఆరోగ్యం ఎంతన్నదీ వాడేవాళ్ళకి ఫోనులోనే కనిపించాలి. మన దేశంలో 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. ఆ డిసెంబరు 24న అందుకోసం ఒక పోర్టల్ కూడా తెరిచింది. సంతోషం. ఆ హక్కులో మొదటి ముక్క ఈ అంకె కావాలి. రోగమేమిటో తెలియనిదే మరమ్మతు దేనికి? అదే కంపెనీ అదే ఫోనుని పారిస్‌లో అమ్మితే అంకె చూపించి, పాలకొల్లులో అమ్మితే దాచిపెట్టడానికి వీల్లేదని చట్టం చెప్పాలి.

చట్టం వచ్చేదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. పాత ఫోను మీ చేతికి వచ్చేటప్పుడు, ఇచ్చేది కొడుకైనా కొట్టువాడైనా, ముందు ఆ రెండో అంకె చూపించమనండి. తక్కువుంటే "బ్యాటరీ మార్పించి ఇవ్వు నాయనా" అనండి. మీ పాతది మీ అత్తగారికి ఇచ్చేటప్పుడు మీరూ ఆ పని చెయ్యండి. ఆవిడ మోహమాటపడి అడగదు. కానీ రాత్రివేళ ఒంట్లో బాగోక ఆవిడ ఫోను తీసినప్పుడు అది వెలగాలి కదా!