సున్నా కూడా రీడింగే

మా పెద్దమ్మ కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. పోయినేడాది వాళ్ళమ్మాయి ఒక సెమిస్టర్ ఓడ మీద చదువుతానంది. తెరచాపల ఓడ మీద సముద్ర శాస్త్రం. ఇంట్లో పెద్ద గొడవ. అక్క నాకు ఫోన్ చేసి "నువ్వైనా చెప్పరా, నీ మాట వింటుంది" అంది. చెప్పాను కూడా. ఆ డబ్బుకీ, ఆ టైముకీ మంచి ఇంటర్న్‌షిప్ చూసుకోవచ్చు, సముద్రం డేటా అంతా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది కదా అని. అది వినలేదు. వినకపోవడమే మంచిదైందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ చదువు చెప్పే సంస్థ పేరు సీ ఎడ్యుకేషన్ అసోసియేషన్. 1971లో మొదలైంది, ఉండేది మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్‌లో. వాళ్ళకి రెండు ఓడలు, అట్లాంటిక్‌లో కార్విత్ క్రామర్, పసిఫిక్‌లో రాబర్ట్ సి. సీమన్స్. ఒక్కోటీ 134 అడుగులు. కొన్ని వారాలు ఒడ్డున పాఠాలు, తర్వాత కొన్ని వారాలు నీళ్ళమీద. ఓడ నడపడానికి వేరే మనుషులుంటారు, వీళ్ళు కూర్చుని చదువుకుంటారు అనుకున్నాను నేను. తాళ్ళు లాగడం, చుక్కాని పట్టడం, వంటలో సాయం, గిన్నెలు, అన్నీ పిల్లలవే. మూడు జట్లుగా వంతులేసుకుంటారు. తెల్లవారుజామున మూడింటికి లేపితే లేవాల్సిందే. మొదటి మూడు రోజులూ వాంతులేనట. మూతి కడుక్కుని మళ్ళీ వచ్చి నీటి ఉష్ణోగ్రత రాసుకోవాలట. ఇంట్లో కాఫీ కప్పు కడగని పిల్ల.

ఇక వల సంగతి. మీటరు వెడల్పు నోరున్న వలని నీటిపైన ఒక నాటికల్ మైలు లాగుతారు. అలా లాగడానికి దాదాపు అరగంట. వల కన్నాలు మిల్లీమీటరులో మూడో వంతు. పైకి తీసి, కడిగి, పడినదంతా ల్యాబ్‌లో బల్ల మీద పోసి, ప్లాస్టిక్ ముక్కల్ని చిమటాతో ఏరి లెక్కపెడతారు. ఓడ ఊగుతూనే ఉంటుంది. మా మేనకోడలు ప్రాజెక్టుకి తీసుకున్నది ఈ ప్లాస్టిక్ ముక్కలనే. ఒక అర్ధరాత్రి ఎంత వెతికినా ఒక్క ముక్క కూడా దొరకలేదట. "అంత కష్టపడి లాగితే ఏమీ లేదు మామయ్యా, ఏడుపొచ్చింది" అంది. ఇంకొకరు మళ్ళీ చూశారు. లేదు. టైము, గాలి, ఎక్కడున్నారో రాసి, పక్కన సున్నా పెట్టి, తన పేరు పొడి అక్షరాల్లో వేసింది.

నాకు ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫిజిక్స్ ల్యాబ్ గుర్తొచ్చింది. లోలకం ప్రయోగం. జవాబు 980 దగ్గర రావాలని అందరికీ తెలుసు. అందుకని జవాబు ముందు రాసుకుని, రీడింగులు వెనక్కి లెక్కకట్టేవాళ్ళం. మరీ అనుమానం రాకుండా ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ చేసేవాళ్ళం, అదొక కళ. సీనియర్ల రికార్డులు చేతులు మారేవి. రికార్డుకి మార్కులు బాగానే పడ్డాయి. పదిహేనేళ్ళుగా డేటా మీదే తిండి తింటున్నాను గానీ, సొంత చేత్తో ఒక్క నిజమైన రీడింగ్ తీసిన గుర్తు లేదు.

ఆ సున్నాల విలువేమిటో దాని మాట విన్నాక వెతుక్కున్నాను. 1986 నుంచి 2008 దాకా 22 ఏళ్ళపాటు ఈ సంస్థ విద్యార్థులు అట్లాంటిక్‌లో, కరేబియన్‌లో 6,100కి పైగా సార్లు వల లాగారు. 64,000కి పైగా ముక్కలు ఏరారు. వందలో 38 సార్లు ఏమీ దొరకలేదు. ఆ లెక్కలన్నీ కలిపి కారా లావెండర్ లా, ఆమె సహచరులు 2010లో సైన్స్ పత్రికలో వ్యాసం రాశారు. ఆ ఏళ్ళలో ప్రపంచంలో ప్లాస్టిక్ తయారీ పెరుగుతూనే ఉంది కాబట్టి నీళ్ళలోనూ పెరిగి ఉండాలి. కానీ ముక్కలు బాగా పోగుపడే చోట కూడా పెరుగుదల కనిపించలేదు. కనిపించలేదనే రాశారు. మరి ఆ ప్లాస్టిక్ ఎక్కడికి పోతోంది? వలకి దొరకనంత చిన్నగా విరిగిపోతోందా, మునిగిపోతోందా, జీవాలు మింగుతున్నాయా? ఆ ప్రశ్నకి బలం అక్కడే వచ్చింది. ఇరవయ్యేళ్ళ పిల్లలు మా లోలకం పద్ధతిలో లెక్కలు సర్దిపెట్టి ఉంటే ఆ ప్రశ్నే ఉండేది కాదు.

మా పనిలో సున్నా వేరు, నల్ వేరు. నల్ అంటే ఎవరూ చూడలేదని. సున్నా అంటే ఒకరు వెళ్ళి, చూసి, లేదని చెప్పారని. ఆ తేడా ఇంటర్వ్యూల్లో ఎంతమందిని అడిగానో. ఆ చూసొచ్చిన మనిషి ఎవరని మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇది డబ్బున్న దేశంలో డబ్బున్న పిల్లల చదువు అంటారా, ఆ మాటలో నిజముంది. చవక కాదు. ఉష్ణోగ్రతా ఉప్పదనమూ కొలవడానికి సముద్రాల్లో వేల ఆర్గో యంత్రాలు వాటంతటవే తేలుతున్నాయి కూడా. కానీ మన దగ్గర ఇలాంటిది జరగలేదనుకోకండి. 1952లో లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, అక్కడివాళ్ళని నౌకాదళం ఓడల మీద బంగాళాఖాతంలోకి తీసుకెళ్ళి కొలతలు తీయించారు. విశాఖ ముందున్న సముద్రం అడుగు లోయల్లో ఒకదాని పేరు ఆంధ్రా, ఇంకోదాని పేరు కృష్ణా. నేను కాకినాడలో పెరిగాను. ఈ లోయల సంగతి ఈ నెలలో తెలిసింది. నాకు సముద్రమంటే ఆదివారం సాయంత్రం, కాల్చిన మొక్కజొన్న పొత్తు. మా క్లాసులో సగంమంది ఒడ్డునే పుట్టారు. ఒక్కరోజు చేపల పడవ మాట్లాడుకుని, థర్మామీటరూ బకెట్టూ ఇచ్చి మమ్మల్ని పంపడానికి తెరచాపలు అక్కర్లేదు.

అక్క మొన్న మళ్ళీ అడిగింది, దీనివల్ల దానికి ఉద్యోగం వస్తుందా అని. తెలీదక్కా అన్నాను. అక్కకి ఆ జవాబు నచ్చలేదు. పక్క గదిలోంచి అది నవ్వడం ఫోన్లో వినిపించింది.