చీపురుకు సర్టిఫికెటా?

మొన్న హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలుకు వెళ్లాను. శిక్షణ పూర్తి చేసినవాళ్లకు సర్టిఫికెట్ల పంపిణీ. వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట దిక్కు ఊళ్ల నుంచి పని లేక పట్నం చేరినవాళ్లు. ఆస్పత్రుల్లో, లాడ్జీల్లో, అపార్టుమెంట్లలో ఊడ్చి తుడిచి బతుకుతున్నవాళ్లు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకొని "ఇయ్యాల్టి నుంచి మీరు కూలీలు కాదు, నైపుణ్యం గల కార్మికులు" అన్నాడు. చప్పట్లు కొట్టించాడు. సర్టిఫికెట్ మీద కోర్సు పేరు చూస్తే హౌస్‌కీపింగ్!

నా పక్కన కూర్చున్న అక్క మా వాడ ఆడబిడ్డే. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పదకొండేళ్లుగా అదే పని చేస్తున్నది. "తమ్మీ, ఫినాయిలు ఎన్ని నీళ్లకు ఎంత పొయ్యాల్నో ఆ సార్లకు నేనే చెప్పిన" అన్నది. జీతం ఏమన్నా పెరుగుతదా అక్కా అంటే నవ్వింది.

అయ్యా, ఊడ్చుడు మాకు నేర్పుతారా? మాదిగ వాడలో, మెహతర్ బస్తీలో పుట్టినవాళ్లకు ఈ కోర్సు తాతల కాడనే పూర్తయింది. ఫీజు కూడా కట్టినం, వీపుల మీద. ఇంగ్లీషు పేరు పెడితే చీపురు కులం మారుతుందా?

ఈ తంతుకు సర్కారు పెట్టిన పేరు పూర్వ అభ్యాస గుర్తింపు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఒక భాగం. పని తెలిసినవాళ్లను కొన్ని గంటలు కూర్చోబెట్టి, పరీక్ష పెట్టి కాగితం ఇస్తారు. కాగితం దండగని నేననను. రుజువు లేని పనోణ్ణి ఎవడైనా తోసేస్తడు. కానీ కాగితం చేతిలో పెట్టి, అదే పనిలో, అదే జీతంలో ఉంచితే దాన్ని ఎదుగుదల అని ఎట్లా అంటారు? ఆ ఆస్పత్రిలో పదకొండేళ్లలో ఆరుగురు సూపర్‌వైజర్లు మారారట. ఒక్కడూ ఏనాడూ చీపురు పట్టినవాడు కాదు. వాళ్లందరికీ పని చూపించింది మా అక్కనే. మరి నైపుణ్యం లేనిది ఎవరికి?

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన దళిత రైల్వే కార్మికుల సభలో బాబాసాహెబ్ ఈ సంగతే ఎత్తారు. రైల్వేలో అంటరాని కార్మికుడు బతుకంతా గ్యాంగ్‌మన్‌గానే ఉండిపోతున్నాడు, కనీసం పోర్టరు కాలేకపోతున్నాడు. పోర్టరైతే స్టేషన్ మాస్టరు ఇంట్లో పని కూడా చెయ్యాలి, అంటరానివాడు ఇంట్లోకి ఎట్లా వస్తాడు? బొంబాయి బట్టల మిల్లుల్లో మనవాళ్లను నేత ఖాతాలోకే రానియ్యలేదు. అక్కడ పోగును నోటితో పీల్చి నాడెలోకి ఎక్కించాలి, ఎంగిలవుతుంది! కూలి ఎక్కువుండేది ఆ ఖాతాలోనే. ఎన్ని నెలల శిక్షణతో ఆ ఎంగిలి పోతుంది? కాజీపేట రైలునూ ఆజంజాహి మిల్లునూ చూసిన ఓరుగల్లు వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర లేదు.

దుబాయి బాట పట్టిన మన పిల్లలదీ ఇదే గతి. పదో తరగతి తప్పినవాడి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. (లెక్కల్లో తప్పిన పిల్లవాడి తలరాత లెక్కల సారు చేతిలో ఉందని మా టీచర్లు కూడా గుర్తుపెట్టుకోవాలి.) 2018 నుంచి పోయే ముందు ఒక రోజు తరగతి పెడుతున్నారు. అక్కడి చట్టాలు, పద్ధతులు చెప్తారు. మంచిదే. కానీ మా అక్క తమ్ముడు షార్జాలో తొమ్మిదేళ్లుగా క్లీనర్. ఏసీలు విప్పి బిగించుడు చూసి చూసి నేర్చుకున్నాడు. ఆ పని చేయించుకుంటున్నారు, జీతం మాత్రం వీసా మీద రాసిన మాటకే ఇస్తున్నారు.

మన ఎర్రజెండా మిత్రులు శిక్షణ అంటేనే పెట్టుబడిదారుల పన్నాగమని కొట్టేస్తారు. వాళ్ల పిల్లలు మాత్రం కంప్యూటర్ కోర్సులకు అమీర్‌పేట పోతారు. శిక్షణ మాకు కావాలి. ఏ శిక్షణ అన్నదే తగాదా. 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన నిధుల్లో సగం ఎస్సీ, ఎస్టీలకని నిబంధన ఉన్నది. సగం వచ్చిందని మురిసిపోయే నాయకులారా, ఏ కోర్సులో సగం? నర్సు పక్కన నిలబడే కోర్సులోనా, నర్సు నడిచిన నేల తుడిచే కోర్సులోనా?

ఆయాగా పదేళ్లు చేసినామె ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ రాసి నర్సింగులో చేరే దారి వెయ్యండి. క్లీనర్ పిల్లవాణ్ణి ఐటీఐలో ఏసీ పనికి, కరెంటు పనికి పంపండి. తరగతి డ్యూటీ టైములోనే పెట్టాలి, జీతం కొయ్యొద్దు. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. 2013లో పాకీపని నిషేధ చట్టం చేసినప్పుడు, ఆ కుటుంబంలో ఒకరికి శిక్షణ ఇచ్చి, ఆ కాలంలో నెలకు 3000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని పార్లమెంటే రాసింది. పస్తుండి ఎవరూ చదవలేరని ఒప్పుకున్నట్టే కదా. ఇక ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల సంగతి. చీపురు కాడ రిజర్వేషన్ అడిగే పని మనకెన్నడూ పడలేదు, అడగకముందే నిండింది. సూపర్‌వైజర్ కుర్చీ కాడ రోస్టర్ ఏది?

కోర్సుల వారీగా ఏ కులం వాళ్లు ఎందరు, శిక్షణ తర్వాత ఎవరు ఏ పనిలో, ఎంత జీతంలో ఉన్నారు అని సమాచార హక్కు చట్టం కింద జిల్లా అధికారులకు దరఖాస్తు రాస్తున్నాం. సర్టిఫికెట్ తీసుకున్న అక్కలు, తమ్ముళ్లు తమ కోర్సు పేరు, ముందటి జీతం, ఇప్పటి జీతం ఒక కాగితం మీద రాసి మన కార్యకర్తలకు ఇవ్వండి. రాయరాకపోతే చెప్పండి, మేం రాసుకుంటాం. మా అక్క కాగితం ఇప్పటికే అందింది. రెండు జీతాల కాడా ఒకటే అంకె ఉన్నది.