టన్నుల లెక్క సరే, ఆమె రక్తం లెక్క ఎవరిది?

మా గోదావరిఖనిలో లెక్కలకు కొదువ లేదు. ఏ షిఫ్టులో ఎన్ని టన్నుల బొగ్గు తీశారు, లక్ష్యానికి ఎంత తక్కువ పడింది అన్నది సింగరేణి యాజమాన్యం ఏ రోజుకారోజు చూసుకుంటుంది. మస్టరు పడకపోతే కార్మికుడికి కూలి లేదు. ముప్పై ఏళ్లుగా ఈ లెక్కల మధ్యనే కాపురం చేస్తున్న కార్మికుడి భార్యను నేను. అందుకే ఆసుపత్రుల్లో కంప్యూటర్లు పెట్టినప్పుడు సంతోషించాను. చీటీ పోయింది, పుస్తకం తడిసింది అని ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకునే బాధ తప్పుతుందనుకున్నాను.

మా వీధిలో ఒక కాంట్రాక్టు కార్మికుడి భార్య తొలి కాన్పుకు ఒక ఆసుపత్రిలో చూపించుకున్నది. నాలుగుసార్లు రక్తపరీక్ష చేశారు. కాన్పు రోజు రక్తం బాగా పోయింది. రాత్రంతా రక్తం ఇచ్చేవాళ్ల కోసం ఇల్లిల్లూ తిరిగాం. ప్రాణం దక్కింది. తర్వాత ఆమె చీటీలన్నీ వరుసగా పరిచి చూశాను. హిమోగ్లోబిన్ మొదటిసారి 9.1, తర్వాత 8.6, ఆ తర్వాత 8.1, చివరికి 7.4. నాలుగు అంకెలూ కంప్యూటర్లో ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్లు మాత్రం లేరు. "పరీక్ష అయినది, మాత్రలు ఇచ్చినది" అని నాలుగుసార్లు నమోదైంది. ఆ లెక్క ప్రకారం ఆమెకు అన్ని సేవలూ అందినట్టే.

"చిన్నమ్మా, ఆ గోలీలు మింగితే కడుపుల తిప్పేది. రెండో నెలనే బంద్ చేసిన. ఎవ్వలన్న అడిగితే చెప్పకపోదునా?" అన్నది ఆ పిల్ల.

ఇది ఒక్క ఆమె కథ కాదు. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉంది. పరీక్షలు ఎన్ని చేశామన్నది పనికి లెక్క. ఎంతమందికి రక్తం పెరిగిందన్నది వైద్యానికి లెక్క. మొదటిది రాసుకుని రెండోది వదిలేస్తే కంప్యూటర్ కూడా మరో రిజిస్టరే అవుతుంది. ఈ తప్పు నర్సమ్మలదీ, ఆశా కార్యకర్తలదీ కాదు. వాళ్లూ స్త్రీలే. ఒకే వివరాన్ని కాగితం మీద ఒకసారి, తెర మీద ఒకసారి రాస్తూ రోగి ముఖం చూసే తీరిక లేకుండా ఉన్నారు.

లెక్క మంచి ఆయుధమే. క్రిమియా యుద్ధంలో (1853-56) సైనికులు గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువ చనిపోతున్నారని అంకెలతో చూపించి, ప్రభుత్వాన్ని కదిలించింది ఫ్లోరెన్స్ నైటింగేల్ అనే నర్సు. ఆమె లెక్కపెట్టింది మంచాలను కాదు, చావులను.

మన కాన్పుల లెక్కే చూడండి. అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కడుపుకోతలే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. దేశం మొత్తానికి 21.5. ఆపరేషన్ కొందరికి ప్రాణం పోస్తుంది, కాదనం. ఎవరికి అవసరమై చేశారు, ఎవరికి అవసరం లేకుండా చేశారు? తేల్చే పద్ధతి ఉంది. తొలి కాన్పా, ఇంతకుముందు ఆపరేషన్ అయిందా, నెలలు నిండాయా, నొప్పులు వాటంతట అవే వచ్చాయా వంటి వివరాలను బట్టి కాన్పులను పది రకాలుగా విడదీసే రాబ్సన్ వర్గీకరణను వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. కంప్యూటర్ ఉంటే ఇది కష్టమైన పని కాదు. ఆసుపత్రుల వారీగా ఆ లెక్క గోడ మీద పెట్టగలరా?

ఇక రెండో సంగతి. ఈ వివరాలు ఎవరి చేతిలో ఉండాలి? మన వైద్యం భర్త పేరు మీద, భర్త నంబరు మీద నడవడం మనకు అలవాటైపోయింది. 2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ప్రతి మనిషికీ వేరుగా 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తున్నారు. మంచిదే. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త జేబులో ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నట్టు? గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు చట్టం అనుమతించినవారికి తప్ప వైద్యులు బయటపెట్టరాదని 2021 చట్ట సవరణ చెబుతోంది. ఆసుపత్రి కాపాడిన రహస్యం ఫోనులో బయటపడితే దెబ్బలు తినేది ఆమె. ఆ దెబ్బలకు మళ్లీ ఆసుపత్రికి వస్తే, పక్కన నిలబడ్డ భర్త చెప్పినట్టు "జారిపడింది" అని రాస్తారు. అబద్ధం కంప్యూటర్లోకి ఎక్కినంత మాత్రాన నిజమైపోదు.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. స్త్రీ వివరాలు ఆమె పేరుతో, ఆమె అనుమతితో ఉండాలి. ఆమెను ఒంటరిగా అడిగి రాయాలి. ప్రతి పరీక్ష ఫలితం పాత ఫలితాల పక్కన పెట్టి తెలుగులో చేతికివ్వాలి. రక్తం పడిపోతుంటే ఆ సంగతి వైద్యుడి కంటపడేలా ఏర్పాటుండాలి. మాత్రలు ఇచ్చిన లెక్కతోపాటు నయమైన లెక్క రాయాలి. పేర్లు లేకుండా ఆ అంకెలను మూడు నెలలకోసారి మన బస్తీల ముందు పెట్టాలి. పర్మినెంటు కార్మికుడి భార్యకైనా, కాంట్రాక్టు కార్మికుడి భార్యకైనా ఇందులో తేడా ఉండకూడదు.

ఈసారి ఆసుపత్రికి పోయినప్పుడు "నాకు రక్తం ఎంతున్నది, పోయినసారి ఎంతుండె?" అని అడగండి. జవాబు చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి. మీ వెంట మేముంటాం.