మా మాట: తుపాకీ, లైసెన్సు

చెర్రీవుడ్ లువాస్ స్టాపు దగ్గర కనిపించే గార్డా పోలీసు నడుమున సాధారణంగా తుపాకీ ఉండదు. మనవైపు నుంచి వచ్చే పెద్దలకు ఇదే వింత. 1925 చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఇక్కడ తుపాకీ కుదరదు. 1972లో తాత్కాలికమంటూ తీసుకున్న పిస్తోళ్ళకు మూడు దశాబ్దాలు లైసెన్సులే ఇవ్వలేదు! అయినా 2016 ఫిబ్రవరిలో డబ్లిన్ రీజెన్సీ హోటల్లో ముఠావాళ్ళు రైఫిళ్ళతో కాల్పులు జరిపారు. దొంగసరుకుకు లైసెన్సెందుకు? మన సీమ కక్షలకు నాటుబాంబులు, కొడవళ్ళే సరిపోయాయి. ముఠాల మీద ఈ చట్టం బలం తక్కువే.

కాని 2017లో కాన్సాస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరును చంపినవాడు ముఠా మనిషి కాడు. బారులోంచి గెంటేస్తే తుపాకీతో తిరిగొచ్చాడు. అటువంటి చావులను గట్టి లైసెన్సు పద్ధతి తగ్గిస్తుందని మా అభిప్రాయం. కాదనే సభ్యులు రాస్తే తప్పక వేస్తాం.