చీటీ లేనిదే ఆ మాత్ర వద్దు

తిరుచానూరు ప్రజలకు విన్నపం

అమ్మవారి బ్రహ్మోత్సవాలు ముగిసిన వారానికి ఊళ్లో ఇంటింటా పడిశం, దగ్గు. మొన్న కార్తీకంలో నేనూ మందుల అంగడికి పోయినాను. నా ముందున్నాయన "అన్నా, దగ్గుకు గట్టి మాత్రలియ్యి" అన్నాడు. అంగడాయన డాక్టరు చీటీ అడగలేదు. అట్టలోంచి మూడు మాత్రలు కత్తెరతో కత్తిరించి ఇచ్చినాడు. మందు పేరు, గడువు తేదీ, ఎర్ర గీత మిగిలిన అట్టతో అంగట్లోనే ఉండిపోయినాయి.

అవి యాంటీబయాటిక్ మాత్రలు. డాక్టరు రాయందే వాడొద్దని ఆ ఎర్ర గీత హెచ్చరిక. పడిశం వైరస్‌తో వస్తుంది, యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు. ఆ మందు దెబ్బంతా కడుపులోని మంచి బ్యాక్టీరియా మీదే. మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని అంచనా, అందులో ఎక్కువ పెద్దపేగులోనే. మనకు అరగని పీచును అవి అరిగిస్తాయి, చెడ్డ క్రిములకు చోటివ్వవు. వేరుశెనగ చేన్లో మందు కొడితే మిత్రపురుగులూ చస్తాయని, బతికిన పురుగు మళ్లీ మందుకు లొంగదని మన రైతుకు ఒకరు చెప్పాలా? ఎకరాకు 200 లీటర్ల జీవామృతం కలిపి నేలలోని సూక్ష్మజీవుల్ని సాకే మనిషే, తుమ్మొస్తే తన పేగుల్లోని వాటిమీద మందు కొట్టుకుంటున్నాడు!

ఈ మందులకు నేను విరోధిని కాను. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని పోగొట్టుకున్నది స్ప్రూ అనే పేగుల జబ్బుకే. తనకూ అదే వచ్చి బతికినాడు. ఆయన పరిశోధన నడిపించిన లెడర్లీ ప్రయోగశాల నుంచే ఫోలిక్ యాసిడ్, 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చినాయి. ఈరోజు ఆ జబ్బుకు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్ జాతి మందే. అంత విలువైనదాన్ని తుమ్ములకు మింగి మొద్దుబార్చుకుంటున్నాం. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయినారు.

చట్టం లేక కాదు. షెడ్యూల్ హెచ్1లోని యాంటీబయాటిక్‌లు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలని 2014 నుంచే ఉంది. అది అమలు చేయించమని మన గ్రామసభ తీర్మానించి ఔషధ నియంత్రణ అధికారులకు పంపాలి. డాక్టరు రాసిన మందును మాత్రం ఆయన చెప్పినన్నాళ్లు వాడాల్సిందే. పాడి రైతులకూ ఒక మాట: పొదుగువాపుకు యాంటీబయాటిక్ సూది వేయించినాక, పశువైద్యుడు చెప్పిన గడువు దాటేదాకా మందు కలిసిన ఆ పాలు కేంద్రానికి పోయొద్దు. నష్టమే, కాదనను. ఆ నష్టంలో కొంత డెయిరీలు భరించాలని కూడా తీర్మానంలో రాయిద్దాం.

వచ్చే గ్రామసభకు రండి. అలమరలో, పోపులడబ్బాలో పడున్న పేరు తెలియని మాత్రల ముక్కలు వెంట తెండి. అన్నీ ఒకచోట కుప్ప పోసి చూద్దాం.