మేమింకా ఈ ఇంట్లోనే ఉంటున్నాం

మా ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో నేను ఎండు నెత్తళ్లు వండింది రెండే రెండుసార్లు. అదీ రాత్రి తొమ్మిది దాటాక, తలుపులన్నీ తీసిపెట్టి, దొంగతనం చేస్తున్నట్టు. ఎందుకంటారా? మర్నాడు ఎవరైనా ఇల్లు చూడ్డానికి వస్తే వాసన రాకూడదట!

ఇరవై రెండేళ్లుగా వండుతున్న వంటింట్లో వంట వాసన రాకూడదని చెప్పింది అత్తగారూ కాదు, ఆడపడుచులూ కాదు. బ్రోకరు. ఆయనకి వత్తాసు మా వాట్సాప్ గ్రూపు.

మాది ఉప్మాక. బోర్డుల మీద ఉపమాక అని రాస్తారు, నోటితో అందరం ఉప్మాక అంటాం. టిఫినుకీ మా ఊరికీ ఏ సంబంధమూ లేదు, దయచేసి నవ్వకండి. గరుడాద్రి కొండ మీద వెంకన్న ఉన్న ఊరు. మా వీధరుగు మీద కూర్చుంటే కొండ కనిపిస్తుంది. ఫాల్గుణంలో స్వామి కల్యాణానికి బంధువులంతా మా ఇంట్లోనే దిగేవారు, నడవలో వరసగా చాపలు పరిచేవాళ్లం. పక్కనే నక్కపల్లి. 2025 జనవరి 8న విశాఖపట్నంలో ప్రధానమంత్రి నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకి శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కల స్థలం, ఇల్లు అన్న మాట వినబడితే చాలు, కార్లు ఆగుతున్నాయి. మా పిల్లల చదువులకి డబ్బు కావాలి, మా ఆయన ఉద్యోగం విశాఖలో. అమ్మడం మా అవసరమే. అమ్మడం గురించి నాకు పేచీ లేదు. అమ్మేదాకా మేం ఎక్కడుండాలన్నదే పేచీ.

మొదటిరోజు బ్రోకరుగారు వచ్చి ఇల్లంతా తిరిగి చూశారు. పెద్దమనిషే, మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, ఇల్లు తేలిగ్గా కనబడాలి. వచ్చినోళ్లు ఇది మా ఇల్లే అనుకోవాలి. మీ సామానుంటే ఎలా అనుకుంటారు?" అన్నారు. సరే అన్నాను. సంక్రాంతికి ఎలాగూ బూజులు దులుపుతాం, సున్నం వేయిస్తాం, అలాంటిదే అనుకున్నాను.

అలాంటిది కాదు. ముందు గోడ మీద దండ వేసి ఉన్న మావయ్యగారి ఫొటో దింపమన్నారు, చచ్చిపోయినవాళ్ల ఫొటో ఎదురుగా ఉంటే కొనేవాళ్లకి మనసు వికలమవుతుందని. తరవాత వంటింటి గట్టు మీద ఊరగాయ జాడీలు, దండెం మీద బట్టలు, ఫ్రిజ్ మీద బీపీ మాత్రల డబ్బా. మా పిల్లల ఎత్తు ఏటేటా పెన్సిలుతో గీసుకున్న గుమ్మం ఒకటుంది, దానికి రంగు వేయించేశారు. మా అబ్బాయి ఏడో తరగతిలో ఒక్కసారిగా నాలుగు వేళ్లు పెరిగిన గీత కూడా ఆ రంగు కింద పోయింది. నాకు తెలిసేసరికి పెయింటరు బ్రష్షు కడుక్కుంటున్నాడు.

ఆఖరికి అత్తగారి నులకమంచం. ఎనభై ఒకటో ఏట పడ్డ మనిషి, వసారాలో ఆ మంచం మీదే పగలంతా ఉంటుంది. వీధిలో పోయేవాళ్లని పలకరించడమే ఆవిడకి కాలక్షేపం. మంచం వెనక కట్టెల షెడ్డులోకి మారింది. ఎవరైనా చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆవిడ పెరట్లో కొబ్బరిచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. ఒకరోజు వచ్చినవాళ్లు పోయి గంటైనా నేను మర్చిపోయాను. పెరట్లోంచి గొంతు వినబడింది. "ఆళ్లు ఎల్లిపోయారా అమ్మా? నాను లోపలికి రావొచ్చా?"

తన ఇంట్లోకి తను రావొచ్చా అని అడిగింది.

ఈ పద్ధతి మన ఊరిది కాదని తరవాత తెలిసింది. మా పెద్దాడపడుచు కూతురు అమెరికాలో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది. పోయినేడు వాళ్ల ఇల్లు అమ్మారు. ఆ వీడియోలు గ్రూపులో పెట్టింది. అవి చూసే మా ఆయనా, ఆయన తమ్ముడూ "చూశావా, అక్కడెంత నీటుగా పెడతారో" అని మొదలుపెట్టారు. దాన్ని స్టేజింగ్ అంటారు. అంటే నాటకానికి రంగస్థలం అలంకరించినట్టు ఇల్లు అలంకరించడం. 1970లలో సియాటిల్ వైపు బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ దీన్నొక వృత్తిగా తయారు చేశారు. ఆవిడ ఇళ్లమ్మే పనిలోకి రాకముందు నాటకాలకి సంబంధించిన మనిషే. అదీ సంగతి, పేరు ఊరికే రాలేదు.

కానీ ఆ అమ్మాయికి ఫోన్ చేసి విడిగా అడిగితే వీడియోలో లేని కథ చెప్పింది. మూడు వారాలు పోపు వేయలేదట. దేవుడి మందిరం అట్టపెట్టెల్లో సర్దేసి, రోజూ దీపం బాత్రూం పక్క క్లాజెట్‌లో పెట్టుకుందట. ఫోన్లో మెసేజ్ రాగానే చంటిపిల్లని కారులో వేసుకుని, ఉయ్యాల డిక్కీలో దాచి, చూసేవాళ్లు పోయేదాకా ఏదో షాపు పార్కింగులో కూర్చునేదట. "అత్తా, ఒక్కోసారి పాలసీసా కడగడానికి కూడా చోటుండేది కాదు" అంది. వాళ్లాయన ఆ వేళల్లో ఆఫీసులో ఉండేవాడు.

అయినా అక్కడ మూడు వారాల్లో అయిపోయింది. చూసేవాళ్లు టైము తీసుకుని వస్తారు. ఇక్కడ మాకు ఏడు నెలలు. పదిన్నరకి ఫోను: "అమ్మా, పావుగంటలో వస్తన్నాం." ఆ పావుగంటలో పొయ్యి మీద అన్నం, నూతి దగ్గర బట్టలు, మంచం మీద అత్తగారు. ముగ్గుర్నీ సర్దాలి. మా ఆయన విశాఖలో. ఫోన్లో "నీట్‌గా ఉంచావు కదా" అని ఒక మాట, అంతే ఆయన వంతు పని.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఇల్లు ముస్తాబు చేయాలి అని అందరూ అంటారు. చేసేదెవరో ఎవరూ అనరు. ఇల్లు చూపించడానికి బ్రోకరుకి కమీషను ఉంది. రంగు వేసినవాడికి కూలీ ఉంది. ఇల్లు ఎవరూ ఉండనట్టు కనిపించేలా రోజుకి మూడుసార్లు సర్దే మనిషికి ఏమీ లేదు, పైగా అది పని లెక్కలోకే రాదు. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథ మీలో చాలామంది చదివే ఉంటారు. ఇల్లు అలకడంలో పడి తన పేరు మర్చిపోయిన ఇల్లాలి కథ. నా పరిస్థితి ఆవిడకన్నా ఒక మెట్టు కింద. ఇల్లు అలకాలి, ఆ అలికినామె ఒకతి ఉందని కూడా తెలియకుండా తప్పుకోవాలి.

మన పెళ్లిచూపులు గుర్తున్నాయా? నల్లగా ఉన్న చెల్లెల్ని పక్కింటికి పంపేయడం, దగ్గే నాన్నమ్మని గదిలో పెట్టి గడియ వేయడం, పక్కింటి సోఫా తెచ్చి వేయడం. ఆ సోఫా సంగతి తరవాత తెలిసి ఎన్ని కాపురాల్లో దెప్పిపొడుపులు విన్నాం! పిల్లని అలా చూపించడం సిగ్గుచేటని మనమే మాట్లాడుకున్నాం, మన కూతుళ్లకి అలా జరగనివ్వమని పంతాలు పట్టాం. ఇప్పుడు అదే తంతు ఇంటికి చేస్తూ దానికి ఇంగ్లీషు పేరు పెట్టుకుంటే నాగరికతైపోయిందా?

"ధర రావద్దా?" అంటారు మా మరిది. రావాలి. ఎవరు వద్దన్నారు? కానీ ఏడు నెలల్లో నలభైమందికి పైగా వచ్చారు, నేను గమనిస్తూనే ఉన్నాను. గోడ మీద ఫొటో ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. ముందు వీధి ఎన్నడుగులో చూస్తారు. కారు తిరుగుతుందా అని చూస్తారు. ఈశాన్యం మూల కొలుస్తారు, ఫోన్లో దిక్సూచి పెట్టి మరీ. నూతిలో తొంగి చూసి వేసవిలో నీళ్లు ఎంతుంటాయని అడుగుతారు. ఈసీ తీశారా, లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా, ఎంతమంది సంతకాలు పెట్టాలి అంటారు. వాళ్లతో వచ్చిన ఆడవాళ్లయితే నేరుగా వంటింట్లోకి వచ్చి, గట్టు ఎత్తు చూసి, "మధ్యాహ్నం ఇక్కడ ఎండ పడుతుందా అండీ?" అని నన్నడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు ఆ వంటింట్లో వండినదానికే తెలుసు. అలాంటిదాన్ని కనబడకుండా పొమ్మంటే ఎలా?

సంతకాల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ ఇల్లు మావయ్యగారు మాస్టారు ఉద్యోగం చేసుకుంటూ స్వార్జితంతో కట్టింది. వీలునామా రాయకుండా పోయారు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ తలా ఒక సమాన వాటా. మా లెక్కలో ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, అత్తగారు. ఐదు వాటాలు. అంటే పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టిన ముసలావిడ ఈ ఇంటికి ఐదోవంతు యజమానురాలు. ఆవిడ రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చి వేలిముద్ర వేయకపోతే ఆ వాటా అమ్ముడే పోదు. వేలిముద్రకి కావాలి, వసారాకి పనికిరాదు! ఇక ఇల్లు సర్దే కోడలికి ఎంత వాటా? మొగుడు బతికుండగా కోడలికి ఆ చట్టంలో వాటా లేదు. మంచిదే, నేను అడగడం లేదు. వాటా లేనిదాని చేత చాకిరీ చేయించి, వాటా ఉన్నావిణ్ణి దాచి, దాన్ని తెలివైన వ్యాపారం అంటుంటే ఊరుకోలేకపోతున్నాను.

ఇంతకన్నా పెద్దది ఇంకోటి జరిగింది. మా వెనక గదికి పడమటి గోడ ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు పైన పిట్టగోడ దగ్గర పగులిచ్చింది. అప్పట్నుంచీ గట్టి వాన పడితే ఆ గోడ చెమ్మ లాగుతుంది. రెండుసార్లు బాగుచేయించాం, పూర్తిగా పోలేదు. దానికి పుట్టీ పెట్టి, రంగు వేసి, పైగా బీరువా అడ్డం జరపమన్నారు. "వానాకాలం రాకముందే బేరం తెగ్గొట్టేద్దాం" అన్నారు. మా ఆయన తలూపారు.

ఆ రాత్రి మేమిద్దరం గట్టిగానే మాట్లాడుకున్నాం. ఊరగాయ జాడీ దాచడం వేరు, పగులు దాచడం వేరు అన్నాను. "రెండూ ఒకటేనే, ఇల్లు బాగా కనబడ్డానికే" అన్నారు ఆయన. అదిగో, అక్కడే నాకు అర్థమైంది. ముందు ఫొటో దాచమంటారు, తరవాత మనిషిని దాచమంటారు, దాచడం అలవాటయ్యాక గోడలో పగులు కూడా దాచేయచ్చనిపిస్తుంది. మా తమ్ముడు కోర్టులో గుమస్తా, వాణ్ణి అడిగాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్లోనే ఉందట: ఆస్తిలో పెద్ద లోపం ఏదైనా అమ్మేవాడికి తెలిసి ఉండి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూస్తే బయటపడనిదైతే అమ్మేవాడు చెప్పి తీరాలి, చెప్పకపోతే మోసం కిందే లెక్క. ఇంటి వాసన దాచమని ఏ చట్టమూ చెప్పలేదు. పగులు చెప్పమని మాత్రం నూట నలభై ఏళ్ల కిందటే చెప్పింది. మేం చేస్తున్నది సరిగ్గా తలకిందులు.

మర్నాడు పొద్దున్నే బీరువా నేనూ పనమ్మాయీ కలిసి యథాస్థానానికి జరిపేశాం. నడుం పట్టేసింది, అది వేరే సంగతి. మంచం షెడ్డులోంచి వసారాలోకి వచ్చింది. మావయ్యగారి ఫొటో గోడెక్కింది. బ్రోకరుగారికి నేనే ఫోన్ చేశాను. చూడ్డానికి రావాలంటే ముందురోజు చెప్పాలి, పదకొండు నుంచి ఒంటిగంట లోపలే రావాలి, ఇల్లు ఊడ్చి శుభ్రంగా ఉంటుంది, మనుషులు కూడా ఉంటారు, వెనక గోడ సంగతి నేనే చెబుతాను అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మీ ఇష్టం అమ్మా, తరవాత నన్ననొద్దు" అన్నారు. మా ఆయన రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. మరిదిగారు గ్రూపులో ఏదో పెట్టి తీసేశారు. మా చిన్నాడపడుచు మాత్రం ఫోన్ చేసి, "వదినా, అమ్మ మంచం లోపలికి తెచ్చావటగా" అని ఇంకేం మాట్లాడలేక పెట్టేసింది.

కొందరు నన్నడిగారు, ఇంత చెబుతున్నావు, నువ్వు మాత్రం ఇంకొకరి ఇల్లు కొనడానికి వెళ్తే చిందరవందరగా ఉంటే కొంటావా అని. చిందరవందర వేరు, కాపురం వేరు. కాలవలు బాగుచేయించండి, బల్బులు మార్చండి, పాత పేపర్లు అమ్మేయండి, వద్దని నేననను. మంచం పట్టిన మనిషిని లేపి పెరట్లోకి పంపాల్సి వస్తే మాత్రం ఆ బేరగాణ్ణి ఇంకో వారం ఆగమనండి. పావుగంట ముందు ఫోన్ చేసేవాళ్లకి "ఇవాళ కుదరదు" అని చెప్పండి, కొంపేమీ మునగదు. ఈ మాట మొగుడి చేత చెప్పించాలని చూడకండి. ఆయన చెప్పరు. మీరే చెప్పండి.

పోయిన ఆదివారం అనకాపల్లి నుంచి ఒక జంట వచ్చారు. ఆవిడ వసారాలో ఆగి, మా అత్తగారి మంచం పట్టె మీద కూర్చుంది. నుయ్యి ఎప్పుడు తవ్వారు, నీళ్లు ఉప్పగా ఉంటాయా, పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లు, అన్నీ ఆవిడనే అడిగింది. అత్తగారు నుయ్యి తవ్విన ఏడాది దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నేను వాళ్లని వెనక గదిలోకి తీసుకెళ్లి గోడ చూపించాను. ఆయన చెయ్యి పెట్టి చూసి, బాగుచేయించడానికి ఎంతవుతుందో మేస్త్రీని అడిగి చెబుతామన్నారు. వాళ్ల అంచనాకి తగ్గట్టు ధర తగ్గించమంటారు, తెలుసు. తగ్గించాలి కూడా.

బయానా ఇంకా పడలేదు. రేపు పదకొండుకి ఆ మేస్త్రీ వస్తున్నాడు, నిన్ననే ఫోన్ చేసి చెప్పారు. నెత్తళ్ల తలలు తుంచి పక్కన పెట్టుకున్నాను, వంకాయలు కూడా ఉన్నాయి. అత్తగారికి వంకాయ వేస్తేనే ఇష్టం.